అమ్మ అడిగిన ప్రశ్న, వయసుల పట్టిక

జీర్ణాశయంలో చేరే ఒక బ్యాక్టీరియా నాలోనూ ఉందని పరీక్షలో తేలిన రాత్రి అమ్మ ఒకే ఒక్క మాట అడిగింది. “అయితే ఇది నా నుంచే నీకు అంటుకుందా?”

అప్పటికి అమ్మకు మందులు మొదలుపెట్టి నాలుగు రోజులు. ఆమెకు 72 ఏళ్లు. రెండు నెలలుగా పొట్ట పైభాగంలో మంట, తెల్లవారుజామున నిద్రలేపే నొప్పి. వయసు పైబడితే ఇలాంటివి మామూలే అని తనకు తానే సర్దిచెప్పుకుంటూ వచ్చింది. నేను బలవంతపెట్టి తీసుకెళ్తే ఎండోస్కోపీలో ఆంత్రమూలం దగ్గర, అంటే చిన్నపేగు మొదలయ్యే చోట, చిన్న పుండు కనిపించింది. డాక్టరు గారు జీర్ణాశయం లోపలి పొర నుంచి ఆవగింజలో సగం ఉండే ముక్క ఒకటి తీసి, పసుపు రంగు జెల్ ఉన్న చిన్న పలకలో పెట్టారు. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. కాసేపటికి ఆ ముక్క చుట్టూ సన్నని గులాబీ అంచు మొదలైంది. చూస్తుండగానే అది విచ్చుకుంటూ పోయి, అరగంటలోపే గడి మొత్తం ముదురు గులాబీ రంగుకు మారింది.

ఆ రంగు వెనుక ఉన్న సంగతి నర్సు చెప్పింది. హెలికోబాక్టర్ పైలోరీ అనే మెలికల బ్యాక్టీరియా జీర్ణాశయంలోని ఆమ్లాన్ని తట్టుకోవడానికి యూరియేజ్ అనే ఎంజైమును తయారు చేసుకుంటుంది. దాంతో యూరియాను విడగొట్టి అమ్మోనియా పుట్టించి, తన చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేస్తుంది. జెల్‌లో కూడా యూరియా ఉంటుంది. ముక్కలో బ్యాక్టీరియా ఉంటే అక్కడ కూడా అదే పని చేస్తుంది, రంగు మారుతుంది. అంత ఆమ్లంలో ఏళ్ల తరబడి కాపురం చేసే ఆ జీవి తన ఉనికిని తానే బయటపెట్టుకోవడం నన్ను చాలాసేపు ఆలోచనలో పడేసింది.

ఆ తర్వాత డాక్టరు గారు అన్న మాటే ఈ టపాకు కారణం. “ఈ వయసువారిలో ఇది ఎక్కువేనండీ, వయసుతో పాటు శాతం పెరుగుతూ పోతుంది” అన్నారు. బల్ల మీద ఉన్న కరపత్రంలో ఒక పట్టిక కూడా చూపించారు. అడుగున వయసు వర్గాలు, వాటి మీద నిలువు కడ్డీలు. పదేళ్లలోపు పిల్లలది అన్నిటికన్నా పొట్టిది, ఆ తర్వాత మెట్లు ఎక్కినట్టు ఒకదాన్ని మించి ఒకటి. మోకాళ్ల అరుగుదల, కంటి శుక్లాల మాదిరి ఇది కూడా వయసు తెచ్చిపెట్టే జబ్బు అనుకున్నాను. ఇరవై రెండేళ్లుగా డిగ్రీ విద్యార్థులకు గణాంకశాస్త్రం చెబుతున్నాను. అయినా ఆ రోజు కుర్చీలో కూర్చున్నది అమ్మ కూతురు మాత్రమే. పట్టిక చెప్పినట్టు అనిపించినదాన్ని అలాగే నమ్మేశాను.

ఇంటికి వచ్చి చేసిన మొదటి పని ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అమ్మ గ్లాసును విడిగా పెట్టాను. మిగతా వాటితో కలవకుండా గట్టు చివర. అమ్మ చూసింది. ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి తన గ్లాసు తనే కడుక్కుని అదే చివర బోర్లించింది.

ఇంట్లో పెద్దవాళ్లం కూడా పరీక్ష చేయించుకుంటే మంచిదని చెప్పారు కాబట్టి నేనూ, తమ్ముడూ వెళ్లాం. మాకు ఎండోస్కోపీ అవసరం లేదు, శ్వాస పరీక్ష చాలు. పరగడుపున వెళ్లి ఒక సంచిలోకి ఊదాలి. తర్వాత కార్బన్-13 ఉన్న యూరియా కలిపిన నీళ్లు తాగాలి. ఇది రేడియోధార్మికత లేని కార్బన్, భయపడాల్సిన పని లేదు. అరగంట ఆగి రెండో సంచిలోకి ఊదాలి. లోపల బ్యాక్టీరియా ఉంటే ఆ యూరియాను విడగొట్టగా వచ్చిన కార్బన్ డయాక్సైడు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల నుంచి బయటికి వస్తుంది. రెండు సంచుల్లోని గాలికి తేడా ఎంతో యంత్రం చెబుతుంది. నేను పాజిటివ్. తమ్ముడు నెగటివ్.

నాకు ఏ ఇబ్బందీ లేదు. ఒక్క రోజు కూడా కడుపులో మంట ఎరగను. నేను పుట్టింది 1978లో, తమ్ముడు 1989లో. మా ఇద్దరికీ పదకొండేళ్ల తేడా. ఒక కుటుంబాన్ని చూసి ఏదీ తేల్చకూడదని నా విద్యార్థులకు నేనే చెబుతాను, ఇక్కడా తేల్చడం లేదు. అయితే ఆ పదకొండేళ్ల తేడాయే నన్ను మళ్లీ ఆ పట్టిక దగ్గరికి లాక్కెళ్లింది.

ఆ పట్టిక ఒకే ఏడాది తీసినది. అందులో ఉన్న అరవై ఏళ్లవారు, ఇరవై ఏళ్లవారు ఒకే మనుషులు కారు. ఇరవై ఏళ్లవారు మరో నలభై ఏళ్లకు ఆ పొడుగు కడ్డీకి చేరుకుంటారని పట్టిక ఎక్కడా చెప్పలేదు, మనమే చదువుకున్నాం. అరవై ఏళ్లవారు అంటే అరవై ఏళ్ల కిందట పసిపిల్లలుగా ఉన్నవారు. ఈ బ్యాక్టీరియా విషయంలో అదే అసలు సంగతి. ఎందుకంటే ఇది ఎక్కువగా బాల్యంలోనే, అందులోనూ మొదటి కొన్నేళ్లలోనే అంటుకుంటుంది. మందులు వేసి తొలగించకపోతే చాలామందిలో జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక కొత్తగా రావడం అరుదు.

ఆ అరుదు అనే మాటకు లెక్క కట్టి చూశాను. సంపన్న దేశాల్లో పెద్దవాళ్లకు కొత్తగా సోకడం ఏడాదికి వందలో ఒకరికన్నా తక్కువేనని పరిశోధనల్లో తేలింది. ఏడాదికి రెండు వందల మందిలో ఒకరనే అనుకుందాం. ఇరవై ఏళ్ల వయసున్న వంద మందిలో ఇరవై మందికి ఇప్పటికే ఉంది, ఎనభై మందికి లేదు అనుకుందాం. ఆ ఎనభై మందిని నలభై ఏళ్ల పాటు ఇదే వేగంతో నడిపిస్తే అరవై ఏళ్లు వచ్చేసరికి కొత్తగా సోకేది పదిహేను మందికి. మొత్తం ముప్పై అయిదు. మరి ఆ సంవత్సరపు పట్టికలో అరవై ఏళ్లవారి కడ్డీ డెబ్బై దగ్గర ఉంటే మిగతా ముప్పై అయిదు ఎక్కడి నుంచి వచ్చినట్టు? వయసు వల్ల వచ్చినవి కావు. వాళ్ల బాల్యం నుంచి వచ్చినవి. వాళ్లు పిల్లలుగా ఉన్నప్పుడు ఇళ్లు ఇరుకు, పిల్లలు ఎక్కువ, నీళ్లు శుభ్రమైనవి కావు. అప్పుడే అంటుకుంది, అలాగే ఉండిపోయింది. ఈ లెక్కను కాగితం మీద వేసి ముగించేసరికి రాత్రి ఒంటిగంట దాటింది. నిద్ర రాలేదు.

నా లెక్క ఊహ మీద నిలిచినది. అసలైన ఆధారం ఇంకా అందంగా ఉంది. బ్రిటన్‌లో 1969లో, 1979లో, 1989లో సేకరించి దాచిన రక్త నమూనాలను తర్వాతి కాలంలో బయటికి తీసి, ఈ బ్యాక్టీరియా మీద ఏర్పడే యాంటీబాడీల కోసం పరీక్షించారు. వయసే కారణమైతే ఏ ఏడాది నమూనాల్లోనైనా ఒకే వయసువారిలో శాతం దాదాపు ఒకేలా ఉండాలి. అలా లేదు. అదే వయసువారిలో తర్వాతి నమూనాలకు వచ్చేసరికి శాతం తగ్గింది. అదే పుట్టిన కాలాన్నిబట్టి వరుస కడితే చిక్కుముడి విడిపోయింది. ఎంత ముందు పుడితే అంత ఎక్కువ. శీతల పెట్టెల్లో ఏళ్ల తరబడి పడి ఉన్న ఆ గొట్టాలను పారేయకుండా దాచినవారికి మనసులో దండం పెట్టుకున్నాను.

జపాన్ ఉదాహరణ ఇంకా కళ్లకు కట్టినట్టు ఉంటుంది. 1990 ప్రాంతంలో అక్కడ నలభై దాటినవారిలో 70 నుంచి 80 శాతం మందికి ఈ బ్యాక్టీరియా ఉండేది. వాళ్లంతా రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్లలోనో, అంతకు ముందో పసిపిల్లలు. ఆ తర్వాత మంచినీటి సరఫరా, మురుగునీటి పారుదల మెరుగుపడ్డాయి, కుటుంబాలు చిన్నవయ్యాయి. ఇప్పుడు అక్కడి బడిపిల్లల్లో అది పది శాతం లోపే. దీనికోసం టీకా ఏదీ వేయలేదు. పిల్లల చుట్టూ ఉన్న లోకం మారింది, అంతే. అక్కడ నేటి పదిహేనేళ్ల పిల్లలు డెబ్బైకి చేరినా తాతల కడ్డీ అంత ఎత్తుకు ఎప్పటికీ వెళ్లరు.

అన్నిచోట్లా ఇలా జరగలేదు. 2015 నాటికి ప్రపంచంలో సుమారు 440 కోట్ల మందిలో ఈ బ్యాక్టీరియా ఉందని 2017లో వచ్చిన ఒక పెద్ద అంచనా చెప్పింది. అందులో నైజీరియాలో 87.7 శాతం, స్విట్జర్లాండ్‌లో 18.9 శాతం. ఎక్కువగా ఉన్న దేశాల్లో పదేళ్లు నిండేలోపే సగం మంది పిల్లలకు అంటుకుంటుంది. అలాంటి చోట పట్టిక మెట్లలా ఉండదు. బాల్యంలోనే నిట్టనిలువుగా ఎగబాకి, ఆ తర్వాత జీవితమంతా చదునుగా సాగుతుంది. పట్టిక ఆకారం చూస్తేనే అక్కడి పిల్లలు ఎలాంటి నీళ్లు తాగారో, ఎంత ఇరుకులో పెరిగారో తెలిసిపోతుందనిపిస్తుంది నాకు.

ప్రపంచం మొత్తం మీద చూస్తే పెద్దవాళ్లలో ఇది 1990కి ముందు 52.6 శాతం, 2015 నుంచి 2022 మధ్య 43.9 శాతం. తగ్గింది. కానీ అదే కాలంలో పిల్లలు, కౌమారంలో ఉన్నవారిలో 35.1 శాతం. ఈ చివరి అంకె దగ్గర నేను ఆగిపోయాను. ఇది వృద్ధుల జబ్బు అయితే ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి ఎందుకు ఉంటుంది? ఇవాళ పిల్లల కడ్డీలో ఉన్నవాళ్లే మరో అరవై ఏళ్లకు వృద్ధుల కడ్డీలో ఉంటారు. జాగ్రత్త అంటూ పడితే ఆ చివర, పిల్లల దగ్గర పడాలి.

పెద్దవాళ్లకు అసలే రాదని అనుకోకూడదు. 1984లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్ అనే యువ డాక్టరు ఈ బ్యాక్టీరియాను పెంచిన ద్రవాన్ని తానే తాగేశాడు. కడుపులో పుండ్లకు మూలం మానసిక ఒత్తిడీ ఆమ్లమూనని ఆనాటి వైద్యలోకం గట్టిగా నమ్మేది, బ్యాక్టీరియానే కారణమన్న ఆయన మాట ఎవరూ వినలేదు. కొద్ది రోజుల్లోనే వాంతులు పట్టుకున్నాయి, ఎండోస్కోపీలో జీర్ణాశయం వాచి కనిపించింది. ఆ మెలికల జీవులను 1979లో సూక్ష్మదర్శినిలో గమనించిన రాబిన్ వారెన్‌కూ, ఆయనకూ కలిపి 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన తాగింది గ్లాసులో నింపిన కోట్లాది బ్యాక్టీరియాను. పెద్దవాళ్ల రోజువారీ బతుకులో అలాంటిది ఎదురుకాదు. పసిపిల్లలకు ఎదురయ్యేది వేరు. తల్లి నమిలి మెత్తచేసి నోట్లో పెట్టేది, అన్నలు అక్కలు కొరికి ఇచ్చేది, ఇంట్లో ఎవరికైనా వాంతులు అయినప్పుడు చేతుల మీదుగా చేరేది, శుభ్రం లేని నీళ్లు. ఇంట్లో వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లోనే ఇది ఎక్కువగా పాకుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి అలాంటి రోజుల్లో చేతులు సబ్బుతో కడుక్కోవడం చిన్న విషయం కాదు.

మరుసటి వారం డాక్టరు గారిని గ్లాసు సంగతి అడిగాను. ఈ వయసులో మీ ఇద్దరి మధ్య గ్లాసు గురించి అంత బెంగ పడాల్సిన పని లేదు, ఇంట్లో పసిపిల్లలుంటే జాగ్రత్త పడండి అన్నారు. ఇంటికి వచ్చి అమ్మ గ్లాసును తీసి మిగతా గ్లాసుల మధ్యలో పెట్టాను. అమ్మ అదీ చూసింది.

ఇక అమ్మ ప్రశ్న. నేను అబద్ధం చెప్పదలచుకోలేదు. ఒకే కుటుంబంలో తల్లిలో, పిల్లల్లో దొరికే బ్యాక్టీరియాకు జన్యు పోలికలు కలుస్తాయని, తల్లికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుందని చాలా పరిశోధనలు తేల్చాయి. అన్నయ్య నుంచి కూడా నాకు వచ్చి ఉండవచ్చు. “కావచ్చు అమ్మా” అన్నాను. ఆ తర్వాత ఇంకో మాట చెప్పాను. నేను పుట్టింది 1978లో. కడుపులో పుండుకు బ్యాక్టీరియా కారణమని అప్పటికి వైద్య పుస్తకాల్లోనే లేదు. నీకు ఎవరు చెబుతారు? నీకు కూడా ఇలాగే, నీ చిన్నప్పుడు, నిన్ను ప్రేమగా చూసుకున్నవాళ్ల నుంచే వచ్చి ఉంటుంది. ఈ బ్యాక్టీరియా జన్యువుల్లోని తేడాలను కొలిచిన శాస్త్రవేత్తలు, మనిషి ఆఫ్రికా నుంచి సుమారు 58 వేల ఏళ్ల కిందట బయలుదేరినప్పుడే ఇది కూడా వెంట వచ్చిందని అంచనా వేశారు. ఆల్ప్స్ పర్వతాల మంచులో దొరికిన 5,300 ఏళ్ల నాటి మనిషి కడుపులో కూడా దాని ఆనవాళ్లు కనిపించాయి.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అంది. “మా అమ్మ రాత్రిళ్లు లేచి కూర్చునేది. పిడికిలి బిగించి ఇక్కడ నొక్కుకునేది.” అంటూ తన పిడికిలిని పక్కటెముకల కింద పెట్టుకుని చూపించింది. అమ్మమ్మకు ఏ పరీక్షా జరగలేదు, ఆమె కడుపులో ఏముందో ఎవరమూ చెప్పలేం. ఆ పిడికిలి మాత్రం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

మా పాపకు పద్నాలుగేళ్లు. తనకు కూడా పరీక్ష చేయించాలని నేను మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ డాక్టరు గారు ఓపికగా వద్దన్నారు. పిల్లల్లో ఇది ఉన్నా ఎక్కువమందికి ఏ లక్షణమూ ఉండదు. పిల్లల కడుపునొప్పుల్లో చాలా వాటికి కారణం ఇది కాదు. పుండు ఉందన్న అనుమానమో, దగ్గరి బంధువుల్లో జీర్ణాశయ క్యాన్సరో ఉంటే తప్ప పిల్లలను వెతికి వెతికి పరీక్షించవద్దని పిల్లల వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. పైగా అనవసరంగా యాంటీబయాటిక్‌లు వాడితే రేపు నిజంగా అవసరమైన రోజున అవి పనిచేయకపోవచ్చు. ఇదంతా నా బుద్ధికి తెలుసు. రాత్రి పాప పడుకున్నాక మాత్రం ఆ 35.1 గుర్తుకొస్తుంది. తెలుసుకోకుండా ఉండటం తల్లికి అంత తేలిక కాదు. అయినా ఆగాను.

పట్టికకు రెండో చివర, అంటే బాగా పెద్ద వయసువారి దగ్గర, మరో విచిత్రం ఉంది. కొన్నిచోట్ల ఎనభై దగ్గరికి వచ్చేసరికి కడ్డీ పెరగడం ఆగిపోతుంది, కాస్త తగ్గుతుంది కూడా. అంటే వాళ్లంతా బాగుపడ్డారని అర్థం కాదు. దశాబ్దాల పాటు వాచి వాచి జీర్ణాశయం లోపలి పొర పలచబడి, ఆమ్లం ఊరడం తగ్గిపోయాక ఆ బ్యాక్టీరియాకే అక్కడ ఉండటం కుదరదు. అది వెళ్లిపోతుంది, పరీక్ష నెగటివ్ వస్తుంది, అది చేసిన నష్టం మాత్రం మిగిలి ఉంటుంది. జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు ఎక్కువగా ఉండేది అలాంటివారిలోనే. అందుకే పెద్దవాళ్ల నెగటివ్ కాగితాన్ని చూసి తొందరపడి నిశ్చింతగా ఉండకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కారకాలని తేలినవాటి జాబితాలో, అంటే మొదటి వర్గంలో చేర్చింది. భయపెట్టాలని ఇది రాయడం లేదు. ఈ బ్యాక్టీరియా ఉన్న ఎక్కువమందికి జీవితాంతం ఏమీ కాదు. సుమారు పది మందిలో ఒకరికి పుండ్లు, నూటికి ఒకరి నుంచి ముగ్గురికి క్యాన్సర్. నూటికి ఒకరే అయినా 440 కోట్లలో ఒక శాతం అంటే ఎంతో లెక్క వేసుకోండి.

మందులు పద్నాలుగు రోజులు. ఆమ్లం తగ్గించేది ఒకటి, బిస్మత్ అనే లోహం కలిసిన మందు ఒకటి, రెండు యాంటీబయాటిక్‌లు. రోజుకు నాలుగు పూటలు. అమ్మా, నేనూ కలిసి వేసుకున్నాం, నేను కొద్ది రోజులు వెనకగా. నోట్లో ఎప్పుడూ లోహపు రుచి, బిస్మత్ వల్ల నాలుక నల్లబడటం, మలం నల్లగా రావడం. ముందే చెప్పకపోతే రక్తం పడుతోందని హడలిపోతారు. ఏడో రోజున అమ్మ ఇక చాలంది. సగంలో ఆపితే మిగిలిన బ్యాక్టీరియా మందులకు మొండికేస్తుందని బతిమాలి పూర్తి చేయించాను. మందులు అయిపోయి నాలుగు వారాలు గడిచాక, ఆమ్లం తగ్గించే మాత్ర ఆపి రెండు వారాలు అయ్యాక మళ్లీ శ్వాస పరీక్ష. మొన్న శుక్రవారం అమ్మది వచ్చింది. నెగటివ్. నాది వచ్చే వారం.

ఇక మిగిలింది అన్నయ్య. 1975లో పుట్టాడు. ఇంట్లో అందరికన్నా ముందు పెరిగిన పిల్లవాడు. నాకేమీ లేదు కదా, ఎందుకు వెళ్లాలి అంటాడు. నాకూ ఏమీ లేదని, అయినా సంచిలో ఉందని తేలిందని చెప్పాను. నా మాట వినలేదు. నిన్న అమ్మ ఫోను చేసింది. ఏం చెప్పిందో నాకు తెలియదు, పక్క గదిలో తలుపు వేసుకుని మాట్లాడింది. మంగళవారం పరగడుపున వెళ్తున్నానని సాయంత్రం అన్నయ్య నుంచి మెసేజ్ వచ్చింది.